సంచిలో పట్టే బొంత

బాలాపూర్ అంటే బయటివాళ్ళకు గణేశ్ లడ్డూ వేలం గుర్తుకొస్తుంది. 1994లో 450 రూపాయలకు పాడిన లడ్డూ ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. ఇక్కడ కాపురం ఉండేవాళ్ళకు మాత్రం ఏడాది పొడుగునా గుర్తుండేది ప్రయాణం. పిల్లల కోచింగ్ దిల్‌సుఖ్‌నగర్‌లో, చూపించుకోవలసిన డాక్టరు ఎల్బీనగర్‌లో, పెళ్ళి బట్టలు కోఠిలో. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నడవడం మొదలైంది. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు. తిరగడం సులువైంది గాని, బయటికి వెళ్ళిన పూటలో చాలాభాగం ఊరికే కూర్చోవడానికే పోతోంది. ఆసుపత్రిలో నంబరు వచ్చేదాకా కూర్చోవాలి, ట్యూషన్ వదిలేదాకా కూర్చోవాలి, బ్యాంకులో పిలిచేదాకా కూర్చోవాలి. ఆ కాస్త సేపూ ఫోను మింగేస్తుంది. లేచేసరికి కళ్ళు మండుతాయి, తల బరువెక్కుతుంది.

అలాంటి వేళకు సరిపోయే చేతిపని మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. అదే బొంత కుట్టడం. ఈ మాట అంటే చాలామందికి వెంటనే ఒక సందేహం వస్తుంది. బొంత అంటే వాకిలంతా పరుచుకుని కూర్చోవలసిన పని కదా, చేతిసంచిలో ఎలా పడుతుంది? పడుతుంది. అయితే పనిని రెండుగా విడదీయాలి. ఆలోచించి తేల్చుకోవలసింది అంతా ఇంట్లో పూర్తిచేసుకుని, ఆలోచన అక్కర్లేని కుట్టు ఒక్కటే బయటికి పట్టుకెళ్ళాలి. బొంతను వెంట తీసుకెళ్ళే వీలు ఇందులోనే ఉంది, మనసు కుదుటపడే కిటుకూ ఇందులోనే ఉంది.

ముందు బొంత ఎలా నిలుస్తుందో చూద్దాం. రజాయి వేరు, బొంత వేరు. రజాయిలో దూది ఉంటుంది. వింటితో దూది ఏకి, గలీబులో పరిచి కుట్టడం దూదేకులవారి వృత్తివిద్య. కుట్లు దూరమైతే లోపలి దూది జరిగి ఒకచోట గడ్డ కడుతుంది. బొంతలో దూది లేదు. పాత చీరలు, పంచెలు, లుంగీలు పొరలు పొరలుగా వేసి, పైనుంచి కిందికంటా సూది దించి, వరుసలు వరుసలుగా కుడతారు. గుడ్డ పొర జరగదు కాబట్టి రెండు మూడు వేళ్ళ ఎడంతో వరుస వేసినా చాలు. ఇక పాత నూలుచీరే ఎందుకంటే, ఎన్నో ఉతుకులు తిన్న నేత మెత్తబడి సూదికి దారి ఇస్తుంది. కొత్త గుడ్డ నాలుగు పొరలు వేసి కుట్టి చూడండి, పది నిమిషాల్లో వేలి కొస నొప్పి పుడుతుంది. హైదరాబాద్ చలికి మూడు నాలుగు పొరల బొంత సరిపోతుంది. మన దగ్గర దట్టమైన రజాయి అవసరమయ్యే రాత్రులు డిసెంబరు, జనవరిల్లో కొన్నే.

ఊళ్ళలో ఈ పని పంట ఇళ్ళకు చేరాక, ఎండాకాలం తీరిక వేళల్లో సాగేది. నలుగురు ఆడవాళ్ళు నాలుగు మూలలా కూర్చుని, దబ్బనంతో లావుదారం వేసి, మాటల్లోనే ముగించేవాళ్ళు. చేతకానివాళ్ళకు కూలి తీసుకుని కుట్టి ఇచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. పుట్టబోయే బిడ్డకు అమ్మమ్మ కట్టి వదిలిన చీరతోనే పక్కబొంత కుట్టేవాళ్ళు. ఆ మెత్తదనం కొత్త బట్టకు రాదు. మీర్‌పేటలోనో బడంగ్‌పేటలోనో రెండు గదుల ఇంట్లో ఇప్పుడు అంత వాకిలి లేదు, పొద్దున్నే వచ్చి మూల పట్టుకునే ఇరుగుపొరుగుకూ తీరిక లేదు. అందుకే బొంతను ముక్కలుగా కుట్టుకునే పద్ధతి మనకు కావాలి. పెద్దగుడ్డ మీద కుట్టిన బొంత ఎంత గట్టిదో గడులుగా కుట్టి అతికిన బొంతా అంతే గట్టిది.

సూది పట్టుకుంటే మనసు ఎందుకు నెమ్మదిస్తుందన్నది తేలిగ్గా తీసేయకూడని ప్రశ్న. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో ‘ది రిలాక్సేషన్ రెస్పాన్స్’ అనే పుస్తకంతో ఒక సంగతిని లోకం దృష్టికి తెచ్చాడు. ఒక మాటనో శబ్దాన్నో ప్రార్థననో పదేపదే అనుకుంటూ, మధ్యలో వచ్చిపడే ఆలోచనలను తరమకుండా, వాటి వెంట పోకుండా మళ్ళీ అక్కడికే వస్తూ ఉంటే ఊపిరి నిదానిస్తుంది, గుండె వేగం తగ్గుతుంది. ఒకే తీరున సాగే ఒంటి కదలికతోనూ ఈ స్థితికి చేరవచ్చని ఆయన తర్వాత వివరించాడు. జపమాల తిప్పే చేతికి ఇది కొత్త సంగతి కాదు. సూది దిగడం, పైకి రావడం, దారం లాగడం అలాంటి కదలికే. కాకపోతే ఒక షరతుంది. చేసే పనిలో ఎంపికలు ఉండకూడదు. ఎరుపు పక్కన పసుపు పెట్టాలా పచ్చ పెట్టాలా అని ఆసుపత్రి బెంచీ మీద తేల్చుకోవలసి వస్తే అది ఇంకో తలనొప్పి. రంగుల పొందిక ఇంట్లో తీరిగ్గా చూసుకున్నవాళ్ళకు బయట మిగిలేది కుట్టు ఒక్కటే.

ఇది ఆడవాళ్ళకే చెందిన పని అనుకుంటే పొరపాటు. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వారి దగ్గర థామస్ వుడ్ 1856లో గీసిన ఒక చిత్రం ఉంది. అందులో క్రిమియా యుద్ధంలో తలకు దెబ్బతగిలిన థామస్ వాకర్ అనే సిపాయి ఆసుపత్రి మంచం మీద కూర్చుని రంగురంగుల గుడ్డముక్కలు అతుకుతూ ఉంటాడు. అప్పట్లో బ్రిటిష్ సైన్యంలో, మన దేశంలో ఉన్న దళాల్లో కూడా, యూనిఫారం ఉన్ని ముక్కలతో సిపాయిలు దుప్పట్లు కుట్టేవాళ్ళు. కోలుకునే మనిషి చేతికి పని, మనసుకు ఒక ఆనిక ఉండాలన్న ఆలోచన దాని వెనుక ఉంది. మన దర్జీల్లోనూ మగవాళ్ళు ఎందరో ఉన్నారు. రిటైరై ఇంటిపట్టున ఉన్న మగవాళ్ళు ఈ పని మొదలుపెట్టడానికి సంకోచించనక్కర్లేదు.

ఇక గుడ్డ. కొనడానికి బజారుకు పరుగెత్తకండి, ముందు బీరువా తెరవండి. ఒడిబియ్యానికి, వరలక్ష్మీ వ్రతానికి, గృహప్రవేశానికి బొట్టుపెట్టి చేతిలో పెట్టిన జాకెట్ పీసులు ప్రతి ఇంట్లోనూ పేరుకుని ఉంటాయి. కుట్టించుకోము, పారేయలేము, మళ్ళీ ఎవరికో పెడతాం. బొంతకు వాటికన్నా మంచి సరుకు లేదు. అయితే అన్నీ నూలువి కావు. ఏది నూలో తెలియకపోతే అంచునుంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల అంటించి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పాలిస్టరు ముక్కలు నూలుతో కలపకండి. కుట్టేటప్పుడు జారతాయి, ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకుంటాయి, చలికి కప్పుకుంటే చెమట పీల్చవు. బీరువాలో చాలకపోతే వీధి చివర జాకెట్లు కుట్టే టైలరు దగ్గర కత్తిరించగా మిగిలిన ముక్కలు అడగవచ్చు. మ్యాచింగ్ సెంటర్‌లో మీటరు పాప్లిన్ కొన్నా పెద్ద ఖర్చు కాదు.

మచిలీపట్నం పక్కనున్న పెడన అద్దకపు బట్ట ముక్కలు దొరికితే మాత్రం వదలకండి, చాలా అందంగా ఉంటాయి. వాటి వెనుక ఒక పాత కథ కూడా ఉంది. మన ఎల్బీనగర్ చౌరస్తా మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో బయల్దేరి హయత్‌నగర్, సూర్యాపేట, విజయవాడ దాటి మచిలీపట్నంలో ఆగుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నమే పెద్ద రేవు. ఇంగ్లిషువాళ్ళు అక్కడ 1611లో వర్తక కోఠీ పెట్టారు. ఆ తీరపు కలంకారీ బట్టలు ఓడలెక్కి ఐరోపా వెళ్ళి మంచాల మీద పలంగ్‌పోషులయ్యాయి. వాటి మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతోందని ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టను నిషేధించింది, ఇంగ్లండు 1721లో గట్టి చట్టం తెచ్చింది. ఫ్రాన్సులో 1759 దాకా, ఇంగ్లండులో 1774 దాకా ఆ ఆంక్షలు నడిచాయి. అంత అపురూపమైన గుడ్డ కాబట్టి చిన్న పేలికను కూడా దాచుకుని అతుకు వేసుకునేవాళ్ళు. ఇంగ్లండులో మిగిలి ఉన్న అతుకు దుప్పట్లలో చాలా పాతదిగా చెప్పేది లెవెన్స్ హాల్ అనే భవంతిలో ఉంది, సుమారు 1708 నాటిది. అది మన దేశపు అద్దకపు ముక్కలతో కుట్టిందే. నేడు లోకమంతా అభిరుచిగా చేసుకునే ఈ పనిలో మన తీరపు బట్టకు ఇంత పాత్ర ఉందని గుర్తుంచుకుంటే ఆ ముక్కను కత్తిరించేటప్పుడు చేతికి కాస్త శ్రద్ధ వస్తుంది.

మొదటిసారి కుట్టేవాళ్ళకు చంటిబిడ్డ బొంత సరైన కొలత. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. డబుల్‌కాట్ దుప్పటితో మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మధ్యలో మూట కట్టేస్తారు, ఆ పని పెట్టుకోకండి. అడుగు చదరపు గడులు పన్నెండు చేసి అతికితే మన కొలత వస్తుంది. ఒక్కో గడికి తొమ్మిది ముక్కలు, అంటే మొత్తం నూట ఎనిమిది. ఒక జాకెట్ పీసు నుంచి నలభై దాకా ముక్కలు తెగుతాయి. కాబట్టి మూడింటితో లెక్క సరిపోతుంది గాని, ఆరేడు రంగులుంటే చూడముచ్చటగా ఉంటుంది.

గుడ్డనంతా ముందు ఉతికి ఆరేయాలి. రంగు దిగేది విడిగా ఉతకాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తే ఏది దిగుతుందో తెలుస్తుంది. దిగడం ఆగని ఎరుపును ఎంత నచ్చినా పక్కన పెట్టండి, అది మిగతా గడులన్నిటినీ పాడుచేస్తుంది. తర్వాత పాత శుభలేఖ దళసరి అట్టతో రెండు అచ్చులు కత్తిరించుకోవాలి, ఒకటి నాలుగున్నర అంగుళాల చదరం, రెండోది నాలుగు అంగుళాల చదరం. పెద్ద అచ్చుతో ముక్క కత్తిరించి, గుడ్డ వెనుకవైపు చిన్న అచ్చును సరిగ్గా నడిమధ్య పెట్టి పెన్సిలుతో చుట్టూ గీయాలి. ఆ గీతే కుట్టు దారి, దాని బయట మిగిలిన పావు అంగుళం అతుకులోకి పోతుంది. ఈ గీత సరిగ్గా పడితే బయట ఎక్కడ కూర్చున్నా కొలత చూసుకునే పని ఉండదు. చేతికుట్టు తీరంతా దీనిమీదే ఆధారపడి ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

అన్నీ కోశాక మంచం మీద నూట ఎనిమిదీ పరిచి, దూరం నుంచి చూసి, మార్చి, మళ్ళీ చూసి, నచ్చినప్పుడు ఫోనులో ఫొటో తీసుకోండి. పిల్లలను కూడా పిలిచి చూపించండి, వాళ్ళ కన్ను మనకన్నా ధైర్యంగా రంగులు కలుపుతుంది. తర్వాత ఒక్కో గడి తొమ్మిది ముక్కలనూ వరసలో పేర్చి, గుండుసూది గుచ్చి, విడి కవర్లో పెట్టి నంబరు వేయాలి. రేపటినుంచి మీతో వచ్చేది ఒక్క కవరు.

దానితో పాటు ఒక చిన్న డబ్బా చాలు. అందులో సన్నసూదులు, ఒక నూలు లేదా పాలిస్టరు దారపు రీలు, చిన్న మైనం ముక్క, నాలుగు గుండుసూదులు, మొనలేని చిన్న కత్తెర, టైలర్లు వాడే అంగుస్తానా. సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ముక్కలు అతకడానికి ఎనిమిది, తొమ్మిది నంబర్లు బాగుంటాయి. దబ్బనం ఇంట్లోనే ఉండనివ్వండి. దారం మూరెడు పొడవు తీసుకోవాలి. అంతకన్నా పొడుగు తీస్తే చిక్కుపడుతుంది, ప్రతి కుట్టుకూ చేయి బారెడు చాచాలి, పక్కవాళ్ళకు ఇబ్బంది. మైనం మీద దారాన్ని ఒకసారి లాగితే మెలిక పడదు. చూపు తగ్గినవాళ్ళకు ఒక ఉపాయముంది. ఇంట్లో మంచి వెలుతురులో ఒకే రీలు దారానికి ఏడెనిమిది సూదులు వరసగా ఎక్కించి ఉంచుకుంటే, బయట ఒక్కో సూదిని దారంతో లాగి తెంపుకోవడమే. సూది ఎక్కించమని ఎవరినీ అడగనక్కర్లేదు.

కుట్టు విషయానికి వస్తే, రెండు ముక్కల మంచివైపులు లోపలికి ఉండేలా ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు గీతలూ కలిశాయో లేదో గుండుసూది గుచ్చి చూసుకోవాలి. గీత కొసలో ఒకేచోట రెండుసార్లు సూది దింపి కుట్టు బిగించి, అక్కణ్ణుంచి ముందుకు కిందికీ పైకీ నడిపించాలి. సూది మీద మూడు నాలుగు కుట్లు ఒకేసారి ఎక్కించి లాగడం చేతికి అలవాటవుతుంది. అంగుళానికి ఆరేడు కుట్లు పడితే చాలు. రెండో కొసలో మళ్ళీ రెండుసార్లు బిగించాలి. దారం మరీ గట్టిగా లాగితే గుడ్డ ముడత పడుతుంది, వదులైతే అతుకు నోరు తెరుస్తుంది. మూడు ముక్కలతో ఒక వరస, మూడు వరసలతో ఒక గడి. ఒక గడిలో అన్ని అతుకులూ కలిపితే నాలుగడుగుల పైచిలుకు, అంటే మూడు నాలుగు వందల కుట్లు. కుట్టిన అతుకును ముదురు రంగు వైపు మడిచి గోటితో గీస్తే ఇస్త్రీ చేసినట్టే పడుకుంటుంది. కుట్లు ఒకే పొడవున రావడానికి రెండు మూడు గడులు పడుతుంది. మొదటి గడి విప్పి మళ్ళీ కుట్టకండి, దాన్ని బొంత మూలకు వాడుకోండి.

ఎక్కడ కుట్టాలన్నది కూడా చెప్పాలి. కదిలే బస్సులో వద్దు. స్పీడ్ బ్రేకరు ఎప్పుడు వస్తుందో మనకు తెలియదు, పక్క సీట్లో పసిబిడ్డ ఉండవచ్చు. మెట్రో స్టేషన్లో సామాను తనిఖీ ఉంటుంది, కాబట్టి కత్తెర తీసుకెళ్ళకుండా దారాలు ఇంట్లోనే తెంపి పెట్టుకోవడం మేలు. ఆసుపత్రి వరండా, కోచింగ్ సెంటరు మెట్లు, పార్కు బెంచీ, అపార్టుమెంటు డాబా బాగుంటాయి. లేచేముందు సూదులు లెక్కపెట్టుకోవాలి. ఎన్ని తెచ్చామో అన్నీ డబ్బాలోకి చేరాలి, ఈ నియమం మాత్రం ఎప్పుడూ తప్పకూడదు. అరగంటకోసారి తల ఎత్తి దూరంగా చూసి, మెడ తిప్పి, వేళ్ళు చాచండి. ఇది మందు కాదు. గుండెదడకో నిద్రలేమికో డాక్టరును చూడవలసిందే. కాని డాక్టరు పిలిచేదాకా ఆ గంట గడవడానికి ఇది బాగా పనికొస్తుంది.

చదరాలు విసుగనిపిస్తే తేనెపట్టు గళ్ళలాంటి ఆరు పలకల ముక్కలున్నాయి. అంగుళం పలకతో కాగితం కోసి, దానిమీదికి గుడ్డ మడిచి కచ్చాకుట్టు వేసి, రెండేసి ముక్కల అంచులు చేర్చి సన్నగా కుడతారు. చుట్టూ కుట్టడం అయ్యాక కాగితం తీసేస్తారు. ముక్క అరచేతిలో ఇమిడిపోతుంది. అమెరికాలో 1920, 30లలో ఈ తీరుకు బాగా పేరొచ్చింది.

పై గుడ్డ తయారయ్యాక పొరలు వేసి కుట్టడం ఇంకా మిగిలి ఉంటుంది. దీన్నీ గడులవారీగానే చేసుకోవచ్చు. ఒక పాత నూలుచీర చాలు. దాన్ని పదమూడు అంగుళాల చదరాలుగా కత్తిరిస్తే నలభై దాకా వస్తాయి, మనకు కావలసినవి ముప్పై ఆరు. గడికి అడుగున ఒకటి, మధ్యలో రెండు పెట్టి, పైన అతుకుల గడి పరిచి, మధ్యనుంచి అంచులకు కచ్చాకుట్టు వేసుకోవాలి. తర్వాత అదే మామూలు కుట్టు కాస్త లావుదారంతో, ఒక్కో ముక్క అంచు వెంట నడవాలి. గడి చుట్టూ అంగుళం మేర మాత్రం కుట్టకుండా వదలాలి. ఆ వదిలిన చోటే గడికి గడిని కలిపేది. రెండు గడుల పై గుడ్డలు మాత్రమే కలిపి అతుకు వేసి, మధ్య పొరలు ఒకదాని అంచుకు ఒకటి తాకేలా కత్తిరించి, అడుగు గుడ్డల్లో ఒకదాన్ని రెండోదాని మీదికి మడిచి తుర్పాయి చేస్తే కీలు కనబడదు. పన్నెండు గడులు కలపడం ఇంట్లో చేయవలసిన పని, రెండు మూడు ఆదివారాలు పడుతుంది. చుట్టు అంచుకు మరో పాత చీర అంచు తీసి వాడండి. బొంత చుట్టుకొలత పద్నాలుగడుగులు, చీర అంచు పద్దెనిమిది. గద్వాలో నారాయణపేటో నూలుచీర అంచు దొరికితే బొంతకు నిండుదనం వస్తుంది.

మన ఇరుగుపొరుగు ప్రాంతాల్లోనూ ఈ విద్య ఉంది. మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది, బెంగాల్లో కాంథా. ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్ళు కుట్టే కవంది తీరు వేరు. అడుగు గుడ్డ మీద మూలనుంచి మొదలుపెట్టి, ముక్కలు ఒక్కొక్కటే మడిచి పెడుతూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టి దేవరకొండ వైపు వెళ్తే తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ అద్దాల కుట్టుపని కనిపిస్తుంది. అదే విద్యకు కర్ణాటకలోని సండూర్ 2010లో జీఐ గుర్తింపు తెచ్చుకుంది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాల వేళ 1,755 లంబాణీ కుట్టు వస్తువులు ఒకేచోట పెట్టి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కించారు. వీళ్ళలో చాలామంది ముందుగా గీసుకోకుండానే కుడతారు. మనం గీత గీసుకోవలసి రావడం చేతికి ఇంకా అలవాటు లేక. నాలుగు బొంతలయ్యాక మీరూ గీయడం మానేస్తారు.

కుట్టిన బొంతను మొదటిసారి చన్నీళ్ళలో విడిగా, కుంకుడు రసంతోనో తేలికపాటి సబ్బుతోనో చేత్తో ఉతకండి. పిండకుండా ఒత్తి నీళ్ళు దించాలి. తడి బొంతను ఒక్క దండెం మీద వేలాడదీస్తే ఆ బరువుకు కుట్లు సాగుతాయి, డాబా గోడమీద పరిచి ఆరేయాలి. వానాకాలంలో ఉతకకపోవడమే నయం, లోపలి పొర ఆరక వాసన పడుతుంది. ఏళ్ళు గడిచాక ఏదో ఒక ముక్క ముందుగా చిరుగుతుంది, ఎక్కువగా అది బాగా నలిగిన పాత చీర ముక్కే అవుతుంది. దానికోసం గడి విప్పనక్కర్లేదు. అదే కొలతలో ఇంకో ముక్క తీసి, అంచులు లోపలికి మడిచి, చిరుగు మీద పెట్టి చుట్టూ తుర్పాయి వేయాలి. శుభలేఖ అచ్చులు రెండూ సూదుల డబ్బాలోనే ఉంచుకుంటే ఇలాంటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.